ఆన్‌లైన్ లైబ్రరీ ఆఫ్ లిబర్టీ: బర్క్ లెక్కపెట్టిన చెరువుల దగ్గర మొదలుపెట్టండి

సంప్రదాయవాదుల (ఇంగ్లీషులో కన్సర్వేటివ్‌ల) రాజకీయ రాతలు, అంటే ఎవరో ముక్కలు కోసి పోస్టర్ల మీద అంటించినవి కాకుండా వాళ్లు రాసినవి రాసినట్టుగా, పైసా ఖర్చు లేకుండా ఒకేచోట చదవాలంటే నాకు తెలిసినంతలో ఆన్‌లైన్ లైబ్రరీ ఆఫ్ లిబర్టీ అనే వెబ్‌సైటుని మించింది లేదు. ఐదుకి నాలుగు స్టార్లు. తగ్గించిన ఆ ఒక్కటీ ఎందుకో కింద చెప్తాను. లాగిన్ అక్కర్లేదు, కార్డు నంబర్ అడగరు, కావలసిన పుస్తకం పేజీ తెరిస్తే అక్కడే చదువుకోవచ్చు, లేదంటే పీడీఎఫ్‌గానో ఈ-పబ్‌గానో దించుకోవచ్చు. అంతా ఇంగ్లీషే, అదీ చాలావరకు పద్దెనిమిది, పందొమ్మిదో శతాబ్దాల ఇంగ్లీషు, కాబట్టి పడుకునే ముందు పది నిమిషాలు చదివి పక్కన పెట్టే సరుకైతే కాదు.

దీన్ని నడిపేది లిబర్టీ ఫండ్. అమెరికాలో ఇండియానా రాష్ట్రానికి చెందిన పియర్ గుడ్‌రిచ్ అనే లాయరు, వ్యాపారి 1960లో పెట్టిన సంస్థ ఇది. అచ్చు పుస్తకాలు వేయడం ముందునుంచీ ఉంది, ఈ సైటు 2004లో వచ్చింది. స్వేచ్ఛ, ఆస్తి హక్కు, చేతులు కట్టేసిన ప్రభుత్వం, ఇవీ వాళ్ల ఇష్టదైవాలు, ఆ సంగతి దాచుకోరు కూడా. అలాగని ఒక పక్షం పుస్తకాలే పెట్టారనుకుంటే పొరపాటు. ఉదారవాది జాన్ స్టువర్ట్ మిల్ సమగ్ర రచనలు 33 సంపుటాలూ ఇక్కడున్నాయి. సంప్రదాయవాదానికి మూలపురుషుడని చెప్పే ఎడ్మండ్ బర్క్ (పద్దెనిమిదో శతాబ్దపు బ్రిటిష్ ఎంపీ) సరే, ఆ బర్క్‌ని చీల్చి చెండాడిన థామస్ పెయిన్ కూడా ఉన్నాడు. ఫ్రెంచి విప్లవాన్ని వెనకేసుకొచ్చి బర్క్‌కి జవాబు రాసిన జేమ్స్ మెకింటాష్ కూడా ఉన్నాడు (ఈయన తర్వాత మనసు మార్చుకుని బర్క్ వైపు జరిగి, 1804లో బొంబాయికి జడ్జిగా వచ్చాడు, ఆ కథ ఇంకోసారి).

ఈ సైటుతో తక్షణం వచ్చే లాభం ఒకటుంది, ముందు అది చెప్పేస్తాను. "చెడు గెలవడానికి మంచివాళ్లు ఏమీ చేయకుండా కూర్చుంటే చాలు" అని బర్క్ ఫొటో కింద వాట్సాప్‌లో తిరుగుతుంటుంది కదా, మన నాయకులు సభల్లో కూడా వాడేస్తుంటారు. బర్క్ రచనల్లో ఎక్కడా ఆ వాక్యం లేదు. దానికి దగ్గరగా ఆయన నిజంగా రాసింది 1770 నాటి కరపత్రంలో ఉంది. చెడ్డవాళ్లు ఒక్కటైనప్పుడు మంచివాళ్లు కూడా జట్టు కట్టాలి, లేకపోతే ఒక్కొక్కరుగా పడిపోతారు, ఆ పడిపోవడానికి కనీసం గౌరవం కూడా దక్కదు అంటాడు. అది పార్టీ రాజకీయం ఎందుకు అవసరమో చెప్పే వాదన. ఎవరో ఒక మంచివాడు లేచి నిలబడితే చాలునన్న ధైర్యవచనం కాదు, ఒంటరి మంచివాడివల్ల ఏమీ కాదనడం. పోస్టరు వాడిన పెద్దమనిషికి అసలుది చూపిస్తే నచ్చుతుందో లేదో నాకు అనుమానమే.

ఇక అసలు విషయం. మనవాళ్లు ఎవరైనా ఈ సైటుకి వెళ్తే మామూలుగా బర్క్ 1790లో ఫ్రెంచి విప్లవం మీద రాసిన పుస్తకంతో మొదలుపెడతారు, ఎందుకంటే పొలిటికల్ సైన్స్ సిలబస్‌లో ఉండేది అదే. నలభై పేజీలకల్లా ఆ ఫ్రెంచి బిషప్పులూ అసెంబ్లీలూ ఎవరో ఏమిటో తెలియక మూసేస్తారు. నా సలహా, అక్కడ మొదలుపెట్టకండి. మన ఊళ్ల మీదుగా వెళ్లండి. 1785 ఫిబ్రవరి 28న బర్క్ పార్లమెంటులో ఆర్కాట్ నవాబు అప్పుల గురించి మాట్లాడిన ఉపన్యాసం ఉంది, ముందు అది చదవండి.

కథ క్లుప్తంగా. ఆర్కాట్ నవాబునే కర్ణాటక్ నవాబు అనేవారు (ఇప్పటి కర్ణాటక రాష్ట్రం కాదు). ఆ నవాబు మహమ్మదలీ, ఈస్టిండియా కంపెనీలో పనిచేసే ఇంగ్లీషువాళ్ల దగ్గరే భారీ వడ్డీలకు అప్పులు చేశాడు. పాల్ బెన్‌ఫీల్డ్ లాంటివాళ్లు ఆ వడ్డీల మీద కోటీశ్వరులయ్యారు. ఆ అప్పుకి తనఖా ఏమిటంటే జిల్లాల శిస్తు, అంటే రైతు పండించిందే. నెల్లూరు సీమ అప్పుడు ఆ నవాబు కిందే ఉంది, 1801 దాకా కంపెనీకి రాలేదు. కాబట్టి ఇది ఎక్కడో లండన్లో జరిగిన గొడవ కాదు, మన పెన్నా ఒడ్డు వడ్లు కూడా ఆ ఖాతాలో ఉన్నాయి. ఈ అప్పుల్లో ఏవి నిజమో ఏవి దొంగవో విచారించకుండానే అన్నిటినీ ఒప్పేసుకుని తీర్చేయమని లండన్ మంత్రులు తేల్చారు. దాని మీద బర్క్ లేచాడు.

ఆ ఉపన్యాసంలో హైదరలీ దండయాత్ర వర్ణన పేరుమోసింది, ఇంగ్లీషు సైన్యాలు కర్ణాటక్‌లో వందల మైళ్లు నడిస్తే దారిలో ఒక మగాడు, ఒక ఆడమనిషి, ఒక పిల్లాడు, ఆఖరికి నాలుగు కాళ్ల జంతువు కూడా కనబడలేదని చెప్పే చోటు. బాగుంటుంది, కాదనను. కానీ నన్ను పట్టి ఆపింది దాని తర్వాత వచ్చే చెరువుల భాగం. బర్క్ చేతిలో మద్రాసు చుట్టుపక్కల కంపెనీ జాగీరు మ్యాపు ఉంది. ఆ మ్యాపులో చెరువులు ఎన్నున్నాయో తనే కూర్చుని లెక్కపెట్టానంటాడు. పదకొండు వందల పైచిలుకు, రెండు మూడు ఎకరాల దగ్గర్నుంచి చుట్టుకొలత ఐదు మైళ్ల దాకా. ఆ లెక్కన కర్ణాటక్, తంజావూరు అంతా కలిపితే పెద్దవీ మధ్యరకంవీ పదివేలకు తక్కువ ఉండవంటాడు, ఇళ్ల అవసరాలకీ గుడి స్నానాలకీ తవ్వినవి వేరే. మట్టీ రాళ్లతో కట్టలు, గట్టి రాతికట్టు తూములు, పొలాల మీదికి నీళ్లు తీసుకెళ్లే కాలువలు, వాటికి ఏటా పూడిక తీసి వాలు సరిచేసే ఖర్చు, అన్నీ చెప్తాడు. జీవనదులు పెద్దగా లేని చోట, వాన ఒక్క కాలంలోనే పడే చోట వరి పండాలంటే ఇదే ఆ దేశానికి నేషనల్ బ్యాంకు అంటాడు. ఇండియా మొహం ఎప్పుడూ చూడని మనిషి, లండన్లో కూర్చుని, తూముల గురించి! మన అసెంబ్లీల్లో చెరువుల మీద జరిగిన చర్చల్లో ఇంత తెలిసి మాట్లాడినవాళ్లు ఎంతమంది ఉంటారో మీరే చెప్పండి.

తర్వాత ఆ చెరువులు ఎవరు కట్టించారనే దగ్గరికొస్తాడు. తమ ప్రజలకు తండ్రుల్లాంటి నిజమైన రాజులు, రాబోయే తరాలను తమ సొంత బిడ్డలనుకుని వాళ్ల పేరున వీలునామా రాసి వెళ్లినవాళ్లు అంటాడు. ఈ ఒక్క మాట పట్టుకుని ఇప్పుడు ఫ్రెంచి విప్లవం పుస్తకానికి వెళ్లండి. సమాజం అనేది బతికున్నవాళ్లకీ, చచ్చిపోయినవాళ్లకీ, ఇంకా పుట్టనివాళ్లకీ మధ్య భాగస్వామ్యం అనే వాక్యం అక్కడుంది, సంప్రదాయవాదం మీద ఎవరు ఏ పుస్తకం రాసినా మొదటి అధ్యాయంలో దాన్ని ఎత్తి రాస్తారు. ఆ వాక్యం 1790ది. దాని వెనకున్న ఆలోచన ఐదేళ్ల ముందే మన దక్షిణాది చెరువుకట్ట మీద ఉంది. నా మట్టుకు నాకు బర్క్ అర్థమైంది అక్కడే. కట్ట తెగిపోకుండా చూసుకోవడం, పూడిక తీయడం, తాత తవ్వించింది మనవడికి అప్పగించడం. దీన్ని సిద్ధాంతమని పిలిస్తే మా ఊరి నీరటికాడు నవ్వుతాడు.

దీంతోపాటు 1783 డిసెంబరులో, ఈస్టిండియా కంపెనీకి కళ్లెం వేయడానికి తెచ్చిన ఫాక్స్ ఇండియా బిల్లు మీద ఇచ్చిన ఉపన్యాసం కూడా చదవండి. ఇంగ్లీషువాళ్లు ఇక్కడ చర్చి కట్టలేదు, ఆసుపత్రి కట్టలేదు, బడి పెట్టలేదు, వంతెన వేయలేదు, చెరువు తవ్వలేదు, ఈరోజు మమ్మల్ని తరిమేస్తే ఇక్కడ కొన్నాళ్లు ఏలింది ఒరాంగుటానో పులో కాదని చెప్పడానికి ఆనవాలు కూడా మిగలదు అని తన సభలోనే తన వాళ్లనే అన్నాడు. ఆ తర్వాత, ఇక్కడ గవర్నర్ జనరల్‌గా చేసిన వారెన్ హేస్టింగ్స్ మీద అభిశంసన. 1788లో మొదలైన విచారణ 1795లో నిర్దోషి అనే తీర్పుతో ముగిసింది. ఓడిపోయాడు. అయినా ఆ పనే తను చేసినవాటన్నిటిలోకీ ముఖ్యమైనదని చివరిదాకా అనుకున్నాడు.

ఇంతవరకు చదివి "అయితే సంప్రదాయవాదులు మన పక్షమే" అని సంబరపడిపోయేవాళ్లకి ఇదే సైటులో మందుంది. జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్. 1869 నుంచి 1872 దాకా కలకత్తాలో వైస్రాయి కౌన్సిల్లో లా మెంబరు. మన ఎవిడెన్స్ యాక్ట్ 1872 రాసింది ఈయనే, 2024 జూన్ 30 దాకా మన కోర్టుల్లో నడిచింది అదే, జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. ప్లీడర్లెవరైనా ఇది చదువుతుంటే మీరు ఏళ్ల తరబడి సెక్షన్లు బట్టీపట్టింది ఈయన ఇంగ్లీషునే. (వర్జీనియా వుల్ఫ్‌కి పెదనాన్న కూడా.) ఇండియా నుంచి తిరిగి వెళ్తూ ఓడలో రాయడం మొదలుపెట్టి, మిల్ స్వేచ్ఛావాదాన్ని ఉతికి ఆరేస్తూ 1873లో పుస్తకం వేశాడు. లిబర్టీ, ఈక్వాలిటీ, ఫ్రటర్నిటీ అని పేరు, మూడింటినీ వరసగా పట్టుకుంటాడు. వాదన సూటిగా ఉంటుంది. ఏ ప్రభుత్వమైనా చివరికి నిలబడేది బలం మీదే. ఓట్లంటే ఏమిటి, తలలు పగలగొట్టుకునే బదులు తలలు లెక్కపెట్టుకుందామని ఒప్పుకోవడం, సూత్రం మాత్రం రెండిటికీ ఒకటే అంటాడు. చదువుతుంటే ఒళ్లు మండుతుంది, కానీ ఎక్కడ తప్పో చూపించమంటే కాసేపు ఆలోచించాలి. మంచి ప్రత్యర్థి అంటే అలా ఉండాలి.

ఆ మనిషే 1883లో ఇల్బర్ట్ బిల్లు (యూరోపియన్ల మీద కేసుల్ని మన జడ్జీలు కూడా విచారించవచ్చనే బిల్లు) గొడవప్పుడు టైమ్స్ పత్రికకు లేఖ రాస్తూ, ఇండియాలో మా ప్రభుత్వం ప్రజల సమ్మతి మీద కట్టింది కాదు, గెలుపు మీద కట్టింది, ఆ సంగతి మొహమాటం లేకుండా ఒప్పుకోవాలన్నాడు. బర్క్ ఎక్కడ, ఈయన ఎక్కడ! ఇద్దరూ ఒకే అరలో ఉంటారు, ఇద్దర్నీ సంప్రదాయవాద పరంపరలోనే చెప్తారు. మరి ఉదారవాది మిల్ మనకేమైనా మేలు చేశాడా అంటే, ముప్పై అయిదేళ్లు లండన్లో ఈస్టిండియా కంపెనీ ఆఫీసులో ఉద్యోగం చేశాడు, ఆయన సంపుటాల్లో ముప్పయ్యోది మొత్తం ఇండియా మీద రాతలే. స్వేచ్ఛ గురించి 1859లో రాసిన ఆ ప్రసిద్ధ పుస్తకంలోనే, అనాగరికులకు నిరంకుశ పాలనే తగినదని, వాళ్ల అదృష్టం బాగుండి ఒక అక్బరో, యూరప్ చక్రవర్తి షార్లమేనో దొరికితే నోరు మూసుకుని విధేయులుగా ఉండటమే మార్గమని రాశాడు. ముగ్గుర్నీ పక్కపక్కన పెట్టి చదివితే "ఎడమ మంచిది, కుడి చెడ్డది" లేదా దానికి తిరగేసినది, ఏ లెక్కా సరిపోదు. టీవీ డిబేట్లో కూర్చునేవాళ్లు మాత్రం చదవకండి, కొన్నాళ్లు నోరు పెగలదు.

హెన్రీ మెయిన్ గురించి తక్కువే చెప్తాను. స్టీఫెన్‌కి ముందు అదే కుర్చీలో, 1862 నుంచి 1869 దాకా. వెళ్లాక మన గ్రామ సముదాయాల మీద 1871లో ఒక పుస్తకం, ప్రజాప్రభుత్వం ఎంత పెళుసైనదో చెప్తూ 1885లో ఇంకొకటి. రెండోది కాస్త చప్పగా ఉంటుంది, అమెరికా రాజ్యాంగాన్ని పొగిడే చివరి వ్యాసం మినహా. మొదటిది మాత్రం గాంధీ 1909లో హింద్ స్వరాజ్ వెనక చదవమని ఇచ్చిన పుస్తకాల జాబితాలో ఉంది. వైస్రాయి కౌన్సిల్ మెంబరు రాసింది గాంధీ చేతికి వచ్చి గ్రామ స్వరాజ్యానికి ఉపయోగపడిందంటే ఆలోచనలు ఏ దారిన పోతాయో ఎవరూ చెప్పలేరు.

చదువుల సంగతి. ఈ విషయంలో లిబర్టీ ఫండ్ వాళ్ల ఫ్రీ సైటు కంటే వాళ్ల అచ్చు పుస్తకాలే బలం. ఇర్వింగ్ బాబిట్ హార్వర్డులో ఫ్రెంచి ప్రొఫెసరు, టీఎస్ ఎలియట్ ఆయన శిష్యుడే. విద్యార్థి తనకు నచ్చిన కోర్సులు ఏరుకుంటూ పోతే చాలుననే పద్ధతి హార్వర్డులో పాతుకుపోతుంటే, చదువంటే ముందు తనను తాను అదుపులో పెట్టుకోవడం నేర్పేది అని ఎదురు నిలిచాడు. దీనికి ఆయన గ్రీకుల్ని మాత్రమే కాదు, బుద్ధుణ్ని కూడా సాక్ష్యానికి పిలుస్తాడు. సంస్కృతం, పాళీ నేర్చుకున్నాడు, ధమ్మపదాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు, అది ఆయన పోయాక 1936లో అచ్చయింది. ఇక మైకేల్ ఓక్‌షాట్, ఇరవయ్యో శతాబ్దపు ఇంగ్లీషు తత్వవేత్త. బడి అంటే బయట ప్రపంచపు తక్షణ అవసరాల నుంచి కాస్త దూరంగా ఉంచిన చోటు అని, తరతరాలుగా మనుషులు చేస్తున్న సంభాషణలోకి పిల్లాణ్ని తీసుకొచ్చి కూర్చోబెట్టడమే చదువని ఆయన మాట. ఇంటర్ అంటే ఎంసెట్ అనీ, హాస్టల్లో పొద్దున్నుంచి రాత్రిదాకా స్టడీ అవర్లనీ పెరిగిన మనకు ఇది వేరే గ్రహం భాషలా ఉంటుంది. పిల్లాడి ర్యాంకు టెన్షన్‌లో ఉన్న తల్లిదండ్రులకి ఇప్పుడే ఇవ్వకండి, ఫలితాలు వచ్చాక ఇవ్వండి. ఓక్‌షాట్‌వి డబ్బులు పెట్టి కొనుక్కోవడమే దారి.

కొనడం అంటే గుర్తొచ్చింది. పాత పుస్తకాలను అచ్చువేసి ఆన్‌లైన్‌లో అమ్మే రీప్రింట్ కంపెనీలు చాలా ఉన్నాయి, పేర్లు అనవసరం. అలాంటిచోట ఒక బర్క్ సంపుటం తెప్పించాను. స్కాన్ చేసి దిద్దకుండా అలాగే అచ్చేశారు, ఫుట్‌నోట్లు వచ్చి పేరా మధ్యలో కలిసిపోయాయి, కొన్ని పేజీల్లో మార్జిన్ కత్తిరింపులో సగం మాటలే పోయాయి. వాపసు అడిగితే "సీల్ తీశారు" అన్నారు. కాబట్టి బర్క్ ఎంపిక చేసిన రచనలు అచ్చులో కావాలంటే లిబర్టీ ఫండ్ వాళ్లదే వెతికి తీసుకోండి, ఈజే పెయిన్ (థామస్ పెయిన్ వేరే) అని పందొమ్మిదో శతాబ్దంలో ఆక్స్‌ఫర్డు కోసం నోట్స్ రాసిన ఆయన కూర్పు అది. నోట్స్ చోటుచోటా చాదస్తంగా ఉన్నా చాలా ఉపయోగం.

ఇప్పుడు తగ్గించిన స్టారు. ఈ లైబ్రరీ పేరులోనే లిబర్టీ ఉంది, అందుకే సంప్రదాయవాదంలో మార్కెట్‌కీ వ్యక్తిస్వేచ్ఛకీ దగ్గరగా ఉండే పాయ ఇక్కడ నిండుగా పారుతుంది, కులాచారం, మతం, ఊరు, కట్టుబాటు అంటూ ఆలోచించే పాయ సన్నగా ఉంటుంది. ఈ రెండు పాయలకీ పడదు. అమెరికా సంప్రదాయవాద రచయిత రసెల్ కర్క్ లాంటివాడు లిబర్టేరియన్లను (వ్యక్తిస్వేచ్ఛే అన్నిటికన్నా ముందు అనేవాళ్లను) పిచ్చుకల్లా కిచకిచలాడే శాఖలవాళ్లని వెక్కిరిస్తూ 1981లో వ్యాసమే రాశాడు. సైటు మాత్రమే చదివి సంప్రదాయవాదం అంటే పన్నులు తగ్గించడమే అనుకుంటే ఆ తగువులో ఒక పక్షం వాదనే విన్నట్టు. బర్క్‌ని తిన్నగా చదివినవాళ్లకి ఈ ప్రమాదం తక్కువ. బెన్‌ఫీల్డ్ కూడా స్వేచ్ఛగా వ్యాపారం చేసుకున్నవాడే కదా!

ఇంకో లోటు, మనవాళ్లెవరూ ఈ అరల్లో లేరు. రాజాజీ లేడు, ఎన్జీ రంగా లేడు. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ సహకార సేద్యం తీర్మానం చేస్తే, రైతు చేతిలో భూమి పోతుందని ఆక్స్‌ఫర్డులో చదువుకున్న గుంటూరు జిల్లా రైతుబిడ్డ రంగా బయటికొచ్చి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి దానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. పర్మిట్ లైసెన్స్ కోటా రాజ్ అని రాజాజీ పెట్టిన పేరు ఇప్పటికీ అందరి నోళ్లలో ఉంది. లోక్‌సభలో 1962లో 18 సీట్లు, 1967లో 44, 1971లో 8, 1974కల్లా పార్టీయే లేదు. ఆస్తి, ధర్మం, రైతు, ఈ మూడింటినీ ఒక మూటగా కట్టడానికి తెలుగు నేల మీద జరిగిన గట్టి ప్రయత్నం అది. సంప్రదాయవాదం అనగానే మన దగ్గర విశ్వనాథ వర్సెస్ అభ్యుదయ కవులు అని సాహిత్యంలోనే పంచాయితీ తెగిపోతుంది తప్ప రంగా దాకా ఎవరూ రారు. అమెరికా సంస్థ రంగాని ఎందుకు పెట్టలేదని అడగడం న్యాయం కాదు, ఒప్పుకుంటాను. కానీ స్టారు ఇచ్చేది నేను, చదివేది తెలుగువాడు, కాబట్టి ఒకటి తగ్గింది.

సరే, వాడే పద్ధతి. ఫోన్లో చదివేట్టయితే ఈ-పబ్ దించుకోండి, ఫ్యాక్సిమిలీ అని ఉండే స్కాన్ పీడీఎఫ్ జోలికి పోకండి, అది పాత పేజీకి ఫొటో, చిన్న తెరమీద కళ్లు లాగుతాయి. పేజీ నంబరు చూపించి వ్యాసం రాసే విద్యార్థులకు మాత్రం అదే కావాలి. గ్రూప్-1, సివిల్స్ వాళ్లు హెన్రీ మెయిన్ జోలికి వెళ్లకుండా బర్క్, మిల్, స్టీఫెన్‌లలో తలా ఒక అధ్యాయం చదివితే నోట్సులో లేని పాయింట్లు దొరుకుతాయి. ఆర్కాట్ ఉపన్యాసం బర్క్ పన్నెండు సంపుటాల రచనల్లో మూడోదాంట్లో ఉంటుంది, విడి పుస్తకంగా వెతికితే దొరకదు. ఆ ఉపన్యాసం మొదటి భాగం అంతా అప్పులూ వడ్డీలూ అంకెలే, విసుగనిపిస్తే దాటేసి హైదరలీ పేరు వచ్చేదాకా వెళ్లిపోండి, చెరువులు దాని వెనకే ఉంటాయి.